కబురు పంపుటలో పొదుపు

విశాఖపట్టణమున పెరిగినవారికి రేవు హెచ్చరికల అంకెలు క్రొత్త కావు. బంగాళాఖాతమున వాయుగుండ మేర్పడినదని తెలియగానే, విశాఖ రేవున మూడవ నంబరు హెచ్చరిక ఎగురవేసినారన్న వార్త పత్రికలలోను రేడియోలోను వచ్చును. అది విని జాలరి వలలు సర్దుకొనును. నౌకాధికారి మోకులు చూచుకొనును. తీరమున కాపురమున్న ఇల్లాలు ఇంటికప్పు రేకు మీద ఇంకొక రాయి పెట్టించును. ఒక అంకెకు ఒకటే అర్థము. విన్నవాడు మారుమాట అడుగడు.

నేటి నా ప్రసంగ విషయము తుపాను కాదు. ఇంటికి భోజనము, కూరగాయలు, మందులు తెప్పించుకొనుటకై మనము వాడుచున్న యాపులు మన చేతి ఫోనులకు పంపు కబుర్లను గూర్చి చెప్పదలచినాను. వీనికి పుష్ నోటిఫికేషనులని పేరు. మనము అడుగకుండగనే తమంతట తాము త్రోసికొని వచ్చును గనుక వాని కా పేరు కలిగినది. రేవు హెచ్చరికకును, ఇడ్లీల పొట్లము వచ్చుచున్నదన్న కబురునకును పొత్తేమని శ్రోతలు అడుగవచ్చును. పొత్తు కలదు. దూరముననున్న మనిషికి, అతడు వేరొక పనిలో మునిగియుండగా, ఒక సంగతి తెలుపవలసి వచ్చినది. అప్పుడు ఎవరికి చెప్పవలెను, ఏమి చెప్పవలెను, ఎంత గట్టిగా చెప్పవలెను, ఎప్పుడు ఊరకుండవలెను? ఈ నాలుగు ప్రశ్నలు రేవు అధికారికిని ఉన్నవి, ద్వారకానగరులో చిన్న భోజనశాల నడుపుకొను వర్తకునికిని ఉన్నవి. రేవులవారు నూరేండ్లకు పైగా సాధన చేసి తేల్చుకొన్నదానిని ఫోనులవారు ఇంకను నేర్చుకొనుచున్నారు.

ముందుగా రేవు పద్ధతిని కొంచెము చూతము. 1864లో కలకత్తాను ముంచివేసిన ఘోరమైన తుపాను తరువాత, 1865లో ఆ రేవున హెచ్చరికలు తెలుపు ఏర్పాటు మొదలైనది. క్రమముగా అది దేశమందలి తక్కిన రేవులకు వ్యాపించినది. 1933 అక్టోబరు 7వ తేదీన 'జలదుర్గ' అను నౌక ప్రవేశించుటతో పనిలోనికి వచ్చి, ఆ యేడు డిసెంబరు 19వ తేదీన లార్డు విల్లింగ్డను చేత లాంఛనముగా ప్రారంభింపబడిన మన విశాఖ రేవునకును ఆ పద్ధతియే ప్రాప్తించినది. అందు గుర్తులు మొత్తము 11. పగటివేళ శంకువుల ఆకారముననో, డోలు ఆకారముననో ఉన్న గుర్తులను స్తంభమునకు కట్టుదురు. రాత్రివేళ ఎరుపు తెలుపు దీపములను వ్రేలాడగట్టుదురు. మొదటి రెండు గుర్తులు దూరసముద్రమందలి సంగతిని తెలుపును. అవి రేవును విడిచి పోవు నౌకలకే గాని ఊరివారికి కావు. మూడు, నాలుగు స్థానికమైన జాగ్రత్తలు. అయిదు మొదలు ఏడు వరకు ప్రమాదము. ఎనిమిది మొదలు పది వరకు మహాప్రమాదము. పదకొండవదానిని గూర్చి చివర చెప్పెదను. అది అన్నిటికంటె విచిత్రమైనది.

ఇందు గమనింపవలసినది, చెప్పదగిన వేయి సంగతులను 11 మెట్లకు కుదించినారు. సముద్రము నేడు మిక్కిలి అందముగా నున్నదని చెప్పుట కొక గుర్తు లేదు. రేవు క్యాంటీనులో నేడు చేపల పులుసు కలదని చెప్పుటకును లేదు. ఆ స్తంభము ఊరక పలుకదు గనుకనే, పలికినప్పుడు జనము తల యెత్తి చూతురు.

ఇక ఫోను వైపు వత్తము. ఒక యాపు మన ఫోనునకు కబురెట్లు చేరవేయును? ప్రతి యాపును తన సొంత తీగ వేసికొని మన ఫోనుతో ఎల్లవేళల మాటాడుచున్నచో బ్యాటరీ ఒక్క పూటలో అడుగంటును. అందుచేత ఫోను తయారించువారే నడుమ ఒక తపాలా కచ్చేరి వంటిదానిని నెలకొల్పినారు. ఆపిల్ సంస్థ 2009లో ఐఫోనులకు అట్టి యేర్పాటు చేసినది. గూగుల్ సంస్థ 2010లో ఆండ్రాయిడు ఫోనులకు మొదటిదానిని చేసి, 2012లో మార్చి, 2016 నుండి ఫైర్‌బేస్ క్లౌడ్ మెసేజింగ్ అను పేర నడుపుచున్నది. ఫోను ఆ కచ్చేరితో ఒకే తీగను నిలుపుకొనును. స్విగ్గీ, జొమాటో వంటి పెద్ద సంస్థయైనను, గాజువాకలో కిరాణా దుకాణము వారు చేయించుకొన్న చిన్న యాపైనను కబురును ఆ కచ్చేరిలోనే వేయవలెను. అక్కడి నుండి అది ఆ తీగ మీదుగా మన చేతికి వచ్చును.

తపాలా కచ్చేరి యనగానే చిరునామా ఉండవలెను గదా. యాపు ఫోనులో చేరినప్పుడు ఆ కచ్చేరి దానికొక పొడవైన గుర్తును కేటాయించును. దానిని టోకెను అందురు. యాపును తీసివేసి మరల వేసికొన్నచో టోకెను మారిపోవును. పాత టోకెనునకు వేసిన కబురు, ఇల్లు మారినవానికి వ్రాసిన జాబువలె తిరుగుటపా యగును. వర్తకుడు అట్టి చిరునామాలను ఎప్పటికప్పుడు కొట్టివేయుచుండవలెను. అది చేయనివాడు పదివేలమందికి కబురు పంపితినని లెక్క వ్రాసికొనునే గాని, అది ఎందరి చెవి సోకినదో ఎరుగడు.

కబురునకు కొలతయు కలదు. రెండు కచ్చేరులును ఒక కబురులో 4096 బైట్లకు మించి ఒప్పుకొనవు. ఇంగ్లీషు అక్షర మొక్కటి ఒక బైటు పట్టును. మన తెలుగు లిపిలో ఒక్కొక్క సంకేతము మూడు బైట్లు పట్టును. 'స్త్రీ' అను ఒక్క అక్షరమునకు ఒత్తులు, గుడి లెక్కించినచో 18 బైట్లగును. అయినను కలవరము వలదు. నాలుగు వేల బైట్లలో తెలుగున ఒక పేజీ కబురు సుఖముగా పట్టును. అసలు ఇరుకు అక్కడ లేదు, ఫోను పలక మీద కనబడు ఒకటి రెండు పంక్తులలో ఉన్నది. కనుక మొదటి నాలుగు మాటలలో సంగతి తేలిపోవలెను. "ప్రియమైన ఖాతాదారులకు మా హృదయపూర్వక నమస్కారములు" అని మొదలిడిన కబురులో సంగతి వచ్చుసరికి పంక్తి తెగిపోవును. "మీ భోజనము గేటు వద్ద ఉన్నది" అన్నచో చాలును.

ఇప్పుడు ఒక్క ఆర్డరు కథ విందము. సీతమ్మధారలో ఒక కుటుంబము రాత్రి భోజనము తెప్పించుకొన్నదనుకొనుడు. ఆ యొక్క ఆర్డరునకు మూడు జతల చెవులున్నవి. వంటయింటి చెవి, దారిలోనున్నవాని చెవి, ఇంటిలోనున్నవారి చెవి. ముగ్గురికి ఒకే గంట కొట్టుట తెలివి కాదు.

వంటయింటిలో మూకుడు చప్పుడు, మిక్సీ రొద, పిలుపులు. అక్కడ చిన్న టింగుమను ధ్వని వినబడదు. కావున దుకాణదారుని పలక మీద వచ్చు గంట, అతడు ఆర్డరును ఒప్పుకొను వరకు ఆగకుండ మ్రోగవలెను. ఇచ్చట గట్టిదనము న్యాయమే. వినకపోయినచో ఒక కుటుంబము ఆకలితో కూర్చుండును.

దారిలోనున్నవాని పరిస్థితి వేరు. బట్వాడా చేయు కుర్రవాడు మోటారుసైకిలు మీద జగదాంబ కూడలి వద్ద రద్దీలో నుండును. క్రొత్త ఆర్డరు పలక మీద మెరయును; కొలది సెకనులలో ఒప్పుకొనవలెను, లేనిచో అది వేరొకరికి పోవును. ఆ కొలది సెకనులలో అతని కన్ను రోడ్డు మీద ఉండవలెనా, పలక మీద ఉండవలెనా? 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము, బండి నడుపుచు ఫోనును చేత పట్టుకొని వాడుటను అపాయకరమైన నడకలో చేర్చినది. 2020 నియమములు దారి చూచుటకు మాత్రము, ఏకాగ్రత చెడకుండ, అనుమతించినవి. చట్టము కుర్రవానిని శిక్షించును గాని, ఆ సెకనుల గడువును నిర్ణయించినది కుర్రవాడు కాదు. దానిని ఎక్కడనో కార్యాలయమున కూర్చుండి అమర్చినవారున్నారు. బండి కదలుచున్నంతసేపు క్రొత్త పిలుపు చూపకుండుట, ఆగినప్పుడే చూపుట, మాటతో వినిపించి ఒక్క తాకుడుతో జవాబు తీసికొనుట, గడువును పెంచుట, ఇవి సాధ్యము కాని పనులు కావు. అమరికలోని ఒక అంకె మారినచో ఒక మనిషి మోకాలు దక్కవచ్చును, ఒక్కొక్కప్పుడు ప్రాణమే దక్కవచ్చును.

ఇంటిలోనివారికి కావలసినది ఇంకొక తీరు. ఆర్డరు అందినది, వంట మొదలైనది, పొట్లము కట్టినారు, కుర్రవాడు బయలుదేరినాడు, చేరువకు వచ్చినాడు, గేటు వద్ద ఉన్నాడు, ఇచ్చినాడు అని ఏడు దశలు. ఏడుసార్లు గంట మ్రోగినచో ఇల్లు ఇల్లుగా నుండదు. ఇందు మ్రోగవలసినవి రెండే. గేటు వద్ద ఉన్నాడన్నది ఒకటి. ఆర్డరు చెడినది, డబ్బు తిరిగి వచ్చుచున్నదన్నది రెండవది. అది ఎన్నడో గాని రాదు. తక్కినవి ధ్వని లేకుండ ఒకే పంక్తిగా నుండి, క్రొత్తది రాగానే పాతది చెరిగిపోవలెను. దీనికి కచ్చేరులలో చక్కని యేర్పాటు ఉన్నది. ఒక ఆర్డరుకు సంబంధించిన కబుర్లన్నిటికిని ఒకే తాళపు గుర్తు ఇచ్చినచో, క్రొత్త కబురు పాతదాని స్థానమున కూర్చుండును. ఐఫోనులలో 2022 నుండి బట్వాడా నడకను పలక మీద ఒకే పట్టీగా చూపు వసతియు వచ్చినది.

అమరికలో రెండవ ముఖ్యాంశము కబురునకు ఆయుర్దాయము. ఫోను ఆగిపోయియున్నప్పుడు కచ్చేరి కబురును దాచియుంచి, ఫోను తెరచినప్పుడు ఇచ్చును. ఎంతకాలము దాచవలెనో పంపువాడు చెప్పవచ్చును. చెప్పనిచో గూగుల్ కచ్చేరిలో గడువు నాలుగు వారములు. విశాఖ చేపలరేవు నుండి మరపడవలు దినముల తరబడి సముద్రముమీద నుండును. తీరము వీడిన కొంతదూరమునకే ఫోను మూగవోవును. అట్టి పడవ మీద నుండి దిగినవానికి ఫోను తెరవగానే "మీ టిఫిను గేటు వద్ద ఉన్నది" అని పోయిన వారపు కబురు వచ్చినచో నవ్వు వచ్చును. కాని అట్లే, గడువు తీరిన తగ్గింపు ధర కబురు వచ్చి అతడు దుకాణమునకు పోయి తగవు పడినచో నవ్వు రాదు. భోజనపు కబురునకు అరగంట ఆయుస్సు చాలును. డబ్బు తిరిగి వచ్చినదన్న కబురునకు పలు దినములు ఉండవచ్చును. ఒక్కొక్క రకమునకు ఒక్కొక్క గడువు వ్రాయుట పది నిమిషముల పని. చేయకుండుట వలననే ఈ వింతలు జరుగుచున్నవి.

మూడవది వేళ. రాత్రి పది మొదలు ఉదయము ఎనిమిది వరకు కబుర్లు పంపకుండుట మర్యాద యని చాల సంస్థలు నియమము పెట్టుకొన్నవి. ఆ నియమము గుమాస్తాల ఊరికి సరిపోవును. మనది గుమాస్తాల ఊరు మాత్రమే కాదు. 1971 జనవరి 20వ తేదీన శంకుస్థాపన జరిగి, 1992 ఆగస్టు 1వ తేదీన జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారమున కొలిమి ఆరదు గనుక మూడు షిఫ్టులలో పని జరుగును. రాత్రి షిఫ్టు చేసి ఉక్కునగరముననో కూర్మన్నపాలెముననో ఇల్లు చేరిన కార్మికునికి పట్టపగలే అర్ధరాత్రి. సరిగా అతనికి కన్ను మూతపడిన వేళకు "భోజనము వేళయైనది, నేడేమి తిందురు?" అని ఫోను గణగణలాడును. రేవులోను, నౌకాదళములోను, ఆసుపత్రులలోను పనిచేయువారికిని ఇదే బాధ. నిశ్శబ్దపు వేళ గోడగడియారమును బట్టి కాక మనిషిని బట్టి ఉండవలెను. ఆ వేళను అతనినే అడిగి వ్రాసికొనుట కష్టము కాదు. అతడు తానై ఆర్డరు చేసినప్పుడు మాత్రము, ఏ వేళనైనను ఆ ఆర్డరు కబురు చేరవలసినదే.

నాలుగవది గుట్టు. ఫోను బల్ల మీద నుండగా కబురు పైననే కనబడును, చుట్టుప్రక్కలవారందరు చదువుదురు. "మీ దోసెలు వచ్చుచున్నవి" అనుటలో హాని లేదు. మందుల దుకాణము నుండి తెప్పించుకొన్న మందు పేరు వెల్లడియైనచో, ఆ యింటి కష్టము వీధిలో పడినట్లే. కాబట్టి "మీ ఆర్డరు బయలుదేరినది" అని మాత్రమే పైన చెప్పి, తక్కినది తాళము తీసిన తరువాత చూపవలెను.

ఇక అన్నిటికంటె పెద్ద విషయమునకు వచ్చితిమి. పైన చెప్పినవన్నియు ఆర్డరునకు సంబంధించిన కబుర్లు. ఇవి మనము కోరినవి. వీనితోపాటు మనము కోరనివి మరికొన్ని వచ్చును. నేడు సగము ధర, రేపు మూడవ వంతు. మీరు మమ్ము మరచినారా. ఇంకను రెండే మిగిలినవి. పూర్ణామార్కెటులో కేక వేయు వర్తకుని మనము తప్పుపట్టము. అతని కేక వీధిలోనిది. ప్రక్కకు తప్పుకొని పోవచ్చును. అదే వర్తకుడు మన యింటి గంట కొట్టి, తలుపు తీయగానే టమాటాల ధర చెప్పినచో ఎట్లుండును? రెండుసార్లు చూచి, మూడవసారి గంట తీగనే తెంచివేయుదుము. తీగ తెగిన తరువాత టమాటాలవానితోపాటు తంతివాడును తలుపు బయటనే నిలిచిపోవును.

సరిగా ఇదియే జరుగుచున్నది. ఆండ్రాయిడు ఫోనులలో 2017 నుండి కబుర్లను రకములుగా విభజించి పంపు ఏర్పాటున్నది. ఒక్కొక్క రకమును చానలు అందురు. ఆర్డరు కబుర్లు ఒక చానలు, డబ్బు కబుర్లు ఒక చానలు, తగ్గింపు ధరలు ఒక చానలుగా పెట్టినచో, వాడుకరి తగ్గింపు ధరలను మాత్రము మూసివేసి తక్కినవి ఉంచుకొనును. చానలు ఒకసారి ఏర్పడిన తరువాత దాని గట్టిదనమును యాపు తనంతట తాను పెంచజాలదు; ఆ హక్కు ఫోను గలవానిది. ఐఫోనులలో 2021 నుండి నాలుగు మెట్లున్నవి. ఊరక వచ్చి కూర్చుండునది, మామూలుగా మ్రోగునది, వెంటనే చూడవలసినది, అత్యవసరమైనది. చివరిదానికి ఆపిల్ వారి ప్రత్యేకమైన అనుమతి కావలెను. రేవు స్తంభమునకు 11 మెట్లుండగా ఫోనునకు నాలుగు మెట్లు వచ్చినవి, ఆలోచన ఒకటే. కాని కొందరు వర్తకులు అన్నిటిని ఒకే చానలులో వేయుచున్నారు. తగ్గింపు ధరను మూయవలెనన్నచో ఆర్డరు కబురును కూడ మూయవలసి వచ్చునట్లు చేసినచో ఎవరు మూయరులే యని వారి యూహ. జనము అంతయు మూసివేయుచున్నారు.

మూసినందు వలన నష్టమెవరికి? వర్తకునికి రెండు అమ్మకములు తగ్గవచ్చును. అసలు నష్టము గేటు వద్ద ఎండలో నిలిచినవానిది. ఎం.వి.పి. కాలనీలో అయిదంతస్తుల మేడ క్రింద అతడు వచ్చితినని కబురు పంపినాడు. పైన ఫోను పలుకలేదు. పది నిమిషములు పోయినవి. ఆ పది నిమిషములలో అతడు వేరొక బట్వాడా చేసియుండును. కూలి పొట్లముల లెక్కమీద వచ్చువానికి కాలమే కూలి. అమ్మకపు కేకలు వేసినవారు వేరు, దాని వెల చెల్లించువాడు వేరు.

చట్టము ఈ విషయమును కొంత పట్టించుకొన్నది. టెలిఫోను నియంత్రణ సంస్థ ట్రాయ్ 2010లో చేసిన నియమములు రాత్రి తొమ్మిది మొదలు ఉదయము తొమ్మిది వరకు వ్యాపార సందేశములను నిషేధించినవి. 2018లో క్రొత్త నియమములు వచ్చినవి. 2025 సవరణతో, పొట్టి సందేశము పంపినవాని పేరు చివర పి, ఎస్, టి, జి అను అక్షరములలో ఒకటి చేర్చవలెనన్నారు. అమ్మకపుది, సేవకు చెందినది, లావాదేవీది, ప్రభుత్వముది అని చూడగానే తెలియుటకు. ఇదియు రేవు గుర్తుల వంటిదే. కాని ఈ నియమములు టెలిఫోను సందేశములకు, పిలుపులకు చెందినవి. యాపు కబురు ఇంటర్నెట్ దారిన వచ్చును గనుక ఆ అక్షరము దానిమీద ఉండదు. 2023 నవంబరు 30వ తేదీన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13 రకముల మాయపద్ధతులను పేర్కొని నిషేధించినది. లేని తొందరను కల్పించుట, వద్దన్నను పదే పదే వేధించుట వానిలోనివి. అదే సంవత్సరపు వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, సమ్మతి నిచ్చుట ఎంత సులభమో దానిని వెనుకకు తీసికొనుటయు అంత సులభముగా ఉండవలెనన్నది. ఫోనులలో ఐఫోను మొదటి నుండియు, ఆండ్రాయిడు 2022 నుండియు, కబురు పంపుటకు ముందుగా వాడుకరి అనుమతి అడుగవలెనను కట్టుబాటు పెట్టినవి. ఆ అనుమతిని యాపు తెరచిన తొలి క్షణమున అడుగువాడు తొందరపాటువాడు. మొదటి ఆర్డరు పెట్టిన తరువాత, "పొట్లము వచ్చినప్పుడు చెప్పమందురా?" అని అడిగినచో ఎవరు కాదందురు?

ఈ విషయమున మన ఊరికి మాత్రమే తెలిసిన బరువొకటి కలదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖ మీదనే తీరము దాటినది. గాలి గంటకు 170, 180 కిలోమీటర్ల వేగమున వీచినది. ముందుగా వచ్చిన హెచ్చరికలను విని వేలాది జనము తీరము విడిచిపోయినారు. నేడు అట్టి హెచ్చరికలు ఫోనులకు కూడ వచ్చుచున్నవి. 2023లో దేశమంతట ఫోనులు ఒక్కసారిగా పెద్ద ధ్వని చేసి పలికిన పరీక్ష శ్రోతలలో పలువురికి జ్ఞాపకముండును. ఆ ధ్వని తగ్గింపు ధరల ధ్వని కాదు. వేరుగా ఉండవలెననియే అట్లు చేసినారు. అయినను చెవికి అలవాటన్నది ఒకటున్నది. దినమునకు ముప్పదిసార్లు ఊరక మ్రోగు వస్తువును మనిషి క్రమముగా వినుట మానుకొనును. చేయి దానంతటది పోయి నొక్కివేయును. ఒక్కొక్క వర్తకుడు తాను పంపినది ఒక్కటే గదా యనుకొనును. అందరు పంపిన ఒక్కొక్కటి చేరి, ఒకనాడు ప్రాణము కాపాడవలసిన కబురునకు చెవి లేకుండ చేయును.

ఇప్పుడు పదకొండవ గుర్తు. రేవు అధికారికి వాతావరణ కేంద్రము నుండి వార్తలు తెగిపోయినప్పుడు, వాతావరణము చెడునన్న భయము తనకు తోచినచో, ఆ గుర్తును ఎగురవేయును. "నాకు వార్తలు అందుటలేదు" అని దాని అర్థము. వార్త లేకుండుటయే ఒక వార్త యని గ్రహించినవారి వివేకమది. తీగ తెగినప్పుడు నిన్నటి గుర్తునే స్తంభము మీద ఉంచినచో, దానిని నమ్మి పడవ విప్పినవాడు చచ్చును.

మన యాపులలో ఈ పదకొండవ గుర్తు మిక్కిలి అరుదు. కుర్రవాని ఫోను ఆగిపోయినను, అతడు కొండవాలున సంకేతము అందని చోట నున్నను, పలక మీద మాత్రము "ఇంకను అయిదు నిమిషములు" అని ఉండును. అయిదు నిమిషములు గడచిన తరువాతను అదే అయిదు నిమిషములు. ఇంటివారు విసిగి కుర్రవానిని దూషింతురు. చుక్కల గుర్తులలో ఒక్క చుక్క తగ్గింతురు. హుద్‌హుద్ నాడు ఫోను స్తంభములు కూలి, విద్యుత్తు పోయి, ఊరు దినముల తరబడి మూగవోయినది. అట్టి దినము మరల రావచ్చును. "ఏడు గంటల పది నిమిషముల వరకు తెలిసినది ఇది, అటుపిమ్మట వార్త అందలేదు" అని చెప్పుటకు ఒక పంక్తి చాలును. ఆ పంక్తిని అమర్చువాడు తన దుకాణపు పరువునే గాక దారిలోనున్నవాని పరువును కూడ కాపాడినవాడగును.

వర్తకులకు నేను చెప్పునది స్వల్పము. నెలకొకసారి మీ దుకాణము నుండి మీరే ఒక ఆర్డరు పెట్టుకొని, మీ ఫోను ఎన్నిసార్లు మ్రోగినదో లెక్కించుడు. ఎందరు కబురు తెరచిరన్న లెక్కతోపాటు ఎందరు కబుర్లు మూసిరన్న లెక్కయు వ్రాయుడు. రెండవ లెక్క పెరుగుచున్నచో మొదటిదానికి సంతోషింపవలదు.

ఇంటివారికి చెప్పునది ఇంకను స్వల్పము. ఈ రాత్రి ఫోను అమరికలు తెరచి, ఒక్కొక్క యాపు క్రింద ఏ రకపు కబుర్లున్నవో చూడుడు. అమ్మకపు కేకలు వలదనుకొన్నచో వానిని మాత్రము మూయుడు. ఆర్డరు కబురును తెరచి యుంచుడు. క్రింద ఒకడు నిలిచియున్నాడు. ప్రభుత్వపు అత్యవసర హెచ్చరికలు తెరచియున్నవో లేవో కూడ ఆ చేతితోనే చూచుకొనుడు. అక్టోబరు, నవంబరు నెలలలో బంగాళాఖాతము ఎట్లుండునో విశాఖవారికి వేరుగా చెప్పనక్కరలేదు.